ప్రాక్సీతో బేరం

సికింద్రాబాదులో మనుషులతో బేరమాడి నెగ్గినవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. యంత్రంతో బేరమాడి, అది అడిగినదాంట్లో సగానికి ఒప్పించినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఆ ఒప్పందం వల్ల మా అక్క ల్యాబు ఒక పూటంతా స్తంభించిపోయిన సంగతి తర్వాత చెబుతాను, ముందు నా ప్రతిభను కాస్త మెచ్చుకోనివ్వండి. ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పొద్దున మోండా మార్కెట్లో చింతచిగురు రాశి ముందు గొంతుక్కూర్చుని, ఇంకో గుప్పెడు కొసరు వెయ్యమని అమ్మే ఆమెను సతాయిస్తుండగా అక్క ఫోన్ చేసింది. ల్యాబుకు రెండో శాఖ తెరుస్తోందట, కంప్యూటర్ల పని నన్నే చూడమంది. నేను గర్వపడేలోపే, "ఈసారి జెర బేరమాడకుండ చెయ్యి తమ్మీ" అని పెట్టేసింది. ఫోన్లో మాట ఆ చిగురు అమ్మే ఆమెకూ వినబడినట్టుంది, కొసరు వెయ్యలేదు.

మేమిద్దరం పెరిగింది ఆ మార్కెట్ వెనక సందులో, నాన్న స్టీలు సామాన్ల దుకాణంలో. బిందె ధర అడిగినవాళ్ల చెప్పులవంక ఒకసారి చూసి నాన్న ఒక అంకె చెప్పేవాడు. వాళ్లు అందులో సగం అనేవారు. నాన్న గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. వాళ్లు మెట్టు దిగేవారు. నాన్న పిలిచేవాడు. మొదట చెప్పిన ధరకే ఎవరైనా డబ్బు తీసి ఇచ్చారంటే, మా సందులో అది వ్యాపారం కాదు, అనుమానం. కొన్నవాడు ఇంటికెళ్లి బిందెలో చిల్లు వెతుక్కునేవాడు, అమ్మినవాడు ఇంకా ఎక్కువ చెప్పాల్సిందని రాత్రంతా దొర్లేవాడు. ఈ చదువు నాకు బాగా ఒంటబట్టింది. అక్కకు మాత్రం ఎందుకో విరక్తి పుట్టింది. సీతాఫల్‌మండిలో రక్తపరీక్షల ల్యాబు పెట్టుకుని, ధరలన్నీ గోడ మీద పెయింటుతో రాయించేసింది. అక్కడ ఎవరూ నోరెత్తరు. నేను చిన్నచిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసిపెడుతూ, కేబుల్ ముక్క దగ్గర్నుంచి బేరమాడుకుంటూ బతికేస్తున్నాను.

అప్పట్లో అక్క ల్యాబులో ఉన్నది ఒకటే పెద్ద సర్వరు. దాని లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన కంప్యూటర్లు కొన్ని, ఒకే ఇంట్లో అద్దెగదుల్లాగా ఉంటాయి. ఒకదాంట్లో బిల్లులు, ఒకదాంట్లో ఇన్నేళ్ల రోగుల రిపోర్టులు. ఆ సర్వరు డిస్కుల్లో ఒకదాని దగ్గర పసుపు దీపం వెలగడం మొదలైంది, అంటే పోయే కాలం దగ్గరపడిందని. కొత్త మెషీన్ ఆర్డరిచ్చాం. అది వచ్చేలోపు మొత్తానికి ఒక బ్యాకప్ తీసి పక్కన పెట్టాలి. లేకపోతే రిపోర్టులన్నీ ఆ దీపంతోపాటే ఆరిపోతాయి. బ్యాకప్ తీసే ప్రోగ్రాముకు మధ్యలో ఒక హమాలీ కావాలి. దుకాణంలోంచి బస్తా ఎత్తి గోదాములో దించే మనిషిలాంటివాడు. దాన్నే ప్రాక్సీ అంటారు. విండోస్ మీద పెడితే లైసెన్సుకు డబ్బు కట్టాలి, లైనక్స్ మీద పెడితే ఉచితం. ఉచితమన్న మాట విన్నాక నాకు రెండో మాట వినబడదు.

ఉచితమైనది ఊరికే రాదని మొదటి గంటలోనే తెలిసింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఏది కొట్టినా అనుమతి లేదనే జవాబు. ఖాతా తయారుచేస్తే దానికి అధికారం లేదంది. అధికారమిస్తే ఫైర్‌వాల్ దారి మూసి ఉందంది. దారి తెరిస్తే తాళంచెవి ఫైలును అందరూ చదవగలుగుతున్నారు కాబట్టి నమ్మనంది. పాస్‌పోర్టు ఆఫీసులో కూడా నన్ను ఇన్నిసార్లు వెనక్కి పంపలేదు. చివరికి అన్నిటికీ ఒప్పుకున్నాక, ఆ ప్రోగ్రాముతో వచ్చిన పుస్తకంలో రాసిన మెమరీ లెక్క వచ్చింది. ప్రాక్సీకి నాలుగు జీబీ కావాలట. పాత సర్వరులో అంత ఖాళీ లేదు. పోయే మెషీనుకు కొత్త ర్యామ్ కొనడమా? అయినా నాలుగు అన్నాడంటే రెండుకు వస్తాడని నాకు తెలుసు. మొదటే అసలు అంకె చెప్పేవాణ్ణి నేను పుట్టి ఎరగను. రెండిచ్చాను. బిల్లుల కంప్యూటరు చిన్నది, దాని బ్యాకప్ చక్కగా అయిపోయింది. తెర మీద ఆకుపచ్చ గుర్తు చూసి, ఆ శనివారం సాయంత్రం మీసం సవరించుకున్నాను. రిపోర్టుల కంప్యూటరును వరసలో పెట్టి, ఒక పెళ్లికి వెళ్లిపోయాను.

బ్యాకప్ తీసేటప్పుడు అసలు డిస్కును ఉన్నదున్నట్టు ఆపేసి, కొత్తగా వచ్చే రాతలన్నీ పక్కన ఒక తాత్కాలిక ఫైల్లో పడేలా చేస్తారు. ప్రాక్సీ ఆ ఆపిన డిస్కును తనకు తగిలించుకుని చదివి, పని అయ్యాక వదిలేయాలి. మా హమాలీ సగం దారిలో బస్తా కింద కూలబడ్డాడు. చచ్చినవాడు బస్తానైనా వదలాలా, వదల్లేదు. ఆదివారం కూడా ల్యాబు నడుస్తుంది కాబట్టి పక్క ఫైలు ఉబ్బుతూనే ఉంది. హెచ్చరికలు నా ఫోనుకు వచ్చాయి, నేను విందులో ఉన్నాను. సోమవారం పొద్దున సర్వరులో సూది మొన మోపడానికి చోటు లేక, లోపలి కంప్యూటర్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

నేను వెళ్లేసరికి జనం పరగడుపున వచ్చి బెంచీల నిండా కూర్చున్నారు. అక్క రిపోర్టులు చేత్తో రాస్తోంది. ప్రతి రిపోర్టుకీ తలెత్తి నన్నొక చూపు చూస్తోంది. కిడ్నీ జబ్బున్న ఒకావిడ కౌంటర్ పట్టుకుని నిలబడి, క్రియాటినిన్ పోయినసారి ఎంత ఉండిందో చెప్పమంటోంది. పెరిగిందా తగ్గిందా తెలిస్తేనే మందు రాస్తానన్నాడట డాక్టరు, ఆయన వారానికి ఒక్కరోజే, అదీ మధ్యాహ్నం దాకే ఉంటాడట. ఏ ప్రశ్నకైనా ఠక్కున జవాబిచ్చే మా అక్క, "జెర ఆగమ్మా, చూస్తున్నం" అని ఊరుకుంది. చూడడానికి అక్కడ ఏమీ లేదు.

నా బావమరిది బేగంపేటలో ఒక కంపెనీలో ఇదే పని చేస్తాడు. పిలవకూడదనుకున్నాను, పిలిచాను. స్కూటర్ దిగి, తెర ముందు కూర్చుని, ప్రాక్సీ వివరాలు చూసి నావైపు తిరిగాడు.

"బావా, గిది నాలుగడిగితే నువ్వు రెండిచ్చినవు. దీనితోని సుత బేరమాడినవా?"

పుస్తకాల్లో ఎప్పుడూ ఎక్కువే రాస్తారని నేను నసిగాను.

"అది ధర కాదు బావా. దాని ఆకలి."

ప్రాక్సీకి తగులుకున్న డిస్కును విప్పడం నేనే చేస్తానని మౌస్ అందుకున్నాను, ఎంతోకొంత పరువు మిగుల్చుకుందామని. తెర మీద రెండు దారులున్నాయి. ఒకటి డిస్కును విప్పుతుంది, రెండోది విప్పి చెరిపేస్తుంది కూడా. ఒక్క నొక్కుకు రెండు పనులయ్యేచోటికి నా చెయ్యి దానంతటదే పోయింది.

"చెయ్యి తియ్యి బావా" అన్నాడు వాడు, చాలా మెల్లగా. "అది నొక్కితే రిపోర్టులు ఒక్కటి సుత మిగలయి."

చెయ్యి తీశాను. ఆ తర్వాత చాలాసేపు జేబులోనే ఉంచుకున్నాను. వాడు మొదటి దారిలో డిస్కును విప్పాడు. ఎప్పుడైనా పనికొస్తాయని నేను సర్వరులో దాచిన ప్రయోగాల కంప్యూటర్లన్నీ తీసేసి చోటు చేశాడు. పక్క ఫైలు అసలు డిస్కులో కలవడం మొదలైంది. ఆ కలిసే గీత తెర మీద చీమలా పాకింది. అక్క మధ్యమధ్య తలుపు తీసి ఇంకెంతసేపని అడిగేది, మేం తల అడ్డంగా ఊపేవాళ్లం. రిపోర్టులు తిరిగొచ్చాయి, ఒక్కటీ పోలేదు. కిడ్నీ ఆవిడ పాత అంకె కూడా దొరికింది. అప్పటికి డాక్టరు వెళ్లిపోయాడు. అక్క ఆ కాగితం ఆమె చేతికిస్తూ నావైపు చూడలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వచ్చేవారం మళ్లీ రావాలని తనలో తాను అనుకుంటూ మెట్లు దిగింది.

ఇప్పుడు బిల్లు. ఆదా అయింది ఒక లైసెన్సు. ఆ సాయంత్రమే ర్యామ్ కొన్నాను, దుకాణంవాడు చెప్పిన ధరకే. అది కొత్త మెషీనుకు పనికిరాదు. బావమరిదికి ఒక రోజు సెలవు, నాకు వాడి నోటినుంచి ఇంకా ఆగని ఎత్తిపొడుపులు. అక్కకు చేత్తో రాసిన ఒక పొద్దు. వీటన్నిటికీ కిందామీదా పడి ఏదో ఒక వెల కట్టి, లైసెన్సుకు ఎదురుగా పెట్టి, కాస్త నష్టమని ఒప్పుకోగలను. కానీ మందు మారకుండా ఆవిడ గడిపిన ఆ వారం ఉంది చూశారూ, దాన్ని ఏ వరసలో వెయ్యాలో ఇప్పటికీ తెలియడం లేదు. అక్కడ ఖర్చయింది నా కాలం కాదు.