కోచ్ సాబ్‌కు నేను చేసిన అనువాదం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఎక్కడ లేని ధైర్యమూ ఉంటుంది, ‘నాకు అర్థం కాలేదండీ’ అనే ధైర్యం తప్ప. గురుగ్రామ్‌లో నా మొదటి ఏడాది అలాగే గడిచింది. కంపెనీల మధ్య ఫుట్‌బాల్ పోటీలు పెట్టినప్పుడు మా ఆఫీసు జట్టుకు కోచ్‌గా ఒక స్కాట్లండ్ పెద్దాయన దొరికాడు. వయసులో ఉండగా అక్కడ డిఫెండర్‌గా పదహారేళ్లు ఆడి, మోకాలు పాడయ్యాక మేనేజరై, నాలుగు క్లబ్బులు నడిపి, నాలుగింటి నుంచీ ఉద్వాసన పొందాడట. కూతురికి ఇక్కడ ఉద్యోగం కావడంతో ఆమె దగ్గరికి వచ్చి ఊరికే కూర్చోలేక మా పాలిట పడ్డాడు. అందరం ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లమే గానీ ఆయన ఇంగ్లీషు వేరు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. హెచ్చార్ మేడమ్ ఎవరైనా ఆయన మాటలు విడమరిచి చెప్పగలరా అని అడిగింది. నా ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. చెయ్యెత్తాను.

మొదటిరోజు ఆయన పది నిమిషాలు మాట్లాడాడు. నాకు ‘బాల్’ అన్న మాట వినిపించింది. (అది కూడా బాలో, బౌలో, ఇప్పటికీ అనుమానమే.) జట్టంతా నా వైపు తిరిగింది. మా గోల్‌కీపర్, నాతో గదిలో ఉండే కరీంనగర్ అన్న, “ఏమంటుండ్రా తాత?” అని అడిగాడు. నాకు ఫుట్‌బాల్ ఓనమాలు కూడా రావు. చిన్నప్పుడు మేం అన్నదమ్ములం కొట్టుకుంటే మా అమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఎవరు తప్పు చేసినా పక్కవాడు సర్దుకోవాలట, ఒకరినొకరు తిట్టుకోకూడదట, ఓడినా కలిసే తినాలట అని హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్పేశాను. ఆఫీసులో అంత ప్రేమగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడి ఉండరు, వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. ఆ ఊపులో మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచారు. హెచ్చార్ మేడమ్ నా భుజం తట్టింది.

సెమీఫైనల్లో సగం ఆట అయ్యేసరికి రెండు గోల్స్ వెనకబడి ఉన్నాం. పెద్దాయన గడ్డి మీద మోకాలు ఆనించి, చాలా నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడాడు. ఎడమవైపు చూపించాడు, మళ్లీ మళ్లీ చూపించాడు. ఆ కళ్లలో ఉన్న ఆరాటం చూశాక మా అమ్మ మాటలు నా నోటికి రాలేదు. “అన్నా, నాకు ఆయన మాట ఒక్కటీ తెలీదు. మొదటినుంచీ తెలీదు. అన్నీ నేనే కల్పించాను,” అన్నాను. అన్న గ్లవ్స్ తీసి పక్కన పెట్టాడు. “గట్లనా. మరి ముందే చెప్పాలె గద,” అన్నాడు. తిట్టలేదు. మిగతావాళ్లకూ అన్నే చెప్పాడు.

ఆ తర్వాత పెద్దాయన ముందుకు వెళ్లి, తప్పయిపోయిందని వచ్చీరాని మాటల్లో చెప్పుకున్నాను. ఆయన నవ్వాడు. ఒక్కొక్క మాటా విడివిడిగా పలుకుతూ, తనకు రెండోరోజే తెలుసన్నాడు. తాను కుడివైపు పరుగెత్తమంటే వీళ్లు వెళ్లి ఒకరినొకరు కౌగిలించుకుంటుంటే ఎలా తెలియదు?

“మరి నన్నెందుకు ఆపలేదు సార్?”

“నాలుగు క్లబ్బుల్లో నేను మాట్లాడాక ఒక్కడూ నవ్వుతూ మైదానంలోకి వెళ్లలేదు. నువ్వు మాట్లాడితే వెళ్తున్నారు.”

అప్పుడు నీళ్ల సీసాలు గడ్డి మీద వరసగా పేర్చి, ఎడమవైపు ఎంత ఖాళీ వదిలేస్తున్నామో చూపించాడు. అంతే, అది అందరికీ అర్థమైంది. రెండో సగంలో ఆ ఎడమవైపు నుంచే ఒక గోల్ కొట్టాం. మ్యాచ్ మాత్రం ఓడిపోయాం. ఓడినా అందరం కలిసే తిన్నాం, పెద్దాయన నా పక్కనే కూర్చుని రాజ్మా చావల్‌ను చెంచాతో తిన్నాడు. చలికాలం మొదలవుతూనే ఆయన తన ఊరికి వెళ్లిపోయాడు. (నా ప్రొబేషన్ మాత్రం పూర్తయింది. ఎలాగన్నది హెచ్చార్ మేడమ్‌నే అడగాలి.)

ఇప్పుడు ఢిల్లీలోని ద్వారకలో ఉంటున్నాను. మొన్న పాత ఫోటోలు చూస్తుంటే ఆ జట్టు ఫోటో కనబడింది. మా అమ్మాయి అందులో వేలు పెట్టి, “పాపా, యే ఆప్ హో?” అంది, ఇది నువ్వేనా నాన్నా అని. పెద్దాయన ఏదో చెబుతున్నాడు. పక్కనే సన్నగా, టై కట్టుకుని, చేతిలో నోట్‌బుక్‌తో, వేదం వింటున్నంత శ్రద్ధగా నిలబడి ఉన్నాడో కుర్రాడు. ఆ నోట్‌బుక్‌లో ఏం రాసుకుంటున్నాడో నాకు బాగా గుర్తు. ఏమీ లేదు, నిలువు గీతలు. పిచ్చివాడు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఓ కప్పు చాయ్ ఇవ్వాలనిపించింది.