పెట్టె తూకం

షబ్నమ్ పెద్ద నటి అయిపోయిందని సౌదీలోని మా రాబిగ్‌లో అందరూ చెప్పుకుంటారు. ఎలా అయిందో నన్నడగాలి.

ఆమెది రాయచోటి, మాది ప్రొద్దుటూరు. ఇద్దరి భర్తలూ ఇక్కడి రిఫైనరీలో టెక్నీషియన్లే. ఆరేళ్ల కిందట వచ్చిన కొత్తలో షబ్నమ్ నలుగురిలో నోరు విప్పేది కాదు. శుక్రవారం మా వంటింట్లో బిర్యానీ దమ్ మీద ఉండగా ఆడవాళ్లను నవ్వించేది నేను. మా ఆయన పెట్టె తూచే ముచ్చటంటే అందరికీ ప్రాణం. ఊరికి వెళ్లే ముందు నేను బాత్రూం కాటా మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి పెట్టె ఎత్తుకుని ఎక్కాలి. తేడా ఎంతో అదే పెట్టె బరువు. అది ముప్పై కిలోలు దాటకూడదని ఆయన రెండు రోజుల ముందు నుంచే నాకు అన్నం తగ్గించేవాడు. నేను ఎంత చిక్కినా పెట్టె చిక్కదని ఆ మహానుభావుడికి ఈనాటికీ తెలియదు.

నేను చెబుతుంటే షబ్నమ్ ఉల్లిపాయలు తరుగుతూ వినేది. ఒక్క మాట కూడా పోనివ్వలేదని తర్వాత తెలిసింది.

జెద్దాలో ఆడవాళ్ల కోసం నవ్వుల కార్యక్రమాలు మొదలయ్యాక ఎవరో తీసుకెళితే వెళ్లి మైకు పట్టుకుంది. ఏడాది తిరిగేసరికి ఆమె పేరు చెప్పి టికెట్లు అమ్మారు. ఆ తర్వాత టీవీ సీరియల్‌లో డ్రైవర్ భార్య వేషం. మొదటి భాగం అందరూ మా ఇంట్లోనే చూశారు. డ్రైవర్ భార్య పెట్టె ఎత్తుకుని కాటా ఎక్కింది. "అచ్చం మీ ఇంట్లో మాదిరే ఉండాదే," అని పక్కింటి ఖాలిదా మురిసిపోయింది. నా కడుపు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ముచ్చట నాదని నలుగురిలో నిలదీయాలని పోయిన నెల జెద్దాలో ఆమె కార్యక్రమానికి వెళ్లాను. లోపలంతా ఆడవాళ్లే. గుమ్మం దగ్గర ఫోన్లు తీసుకున్నారు. అబాయాలు, ముఖానికేసుకునే నఖాబులు కూడా అందరూ అక్కడే విప్పి తగిలించారు. నేను మాత్రం నఖాబు తీయలేదు. ముందే గుర్తుపడితే షబ్నమ్ జాగ్రత్తపడుతుందని నా భయం.

కాటా ముచ్చట మొదలవగానే లేచి నిలబడ్డాను. నోరు తెరిచేలోపే ఆమె చూపు నా మీద పడింది.

"ఆపా, ఇక్కడ అందరం ఆడవాళ్లమే," అంది ఉర్దూలో. "ఆ నఖాబు వెనక మీ ఆయన్నేమైనా దాచి తెచ్చారా?"

హాలంతా నా వైపు తిరిగి నవ్వింది. ఒళ్లు మండి నఖాబు లాగేశాను.

షబ్నమ్ మైకు దించింది. మళ్లీ ఎత్తి, ఈ కాటా మేరాజ్ ఆపాదని నన్ను చూపించి, తాను ఆమె వంటింట్లో ఉల్లిపాయలు తరిగిన మనిషినని అందరికీ చెప్పింది. తర్వాత తెలుగులో, "రాక్కా, నువ్వే చెప్పు," అని పిలిచింది.

నేను అనాల్సిందంతా తానే అనేసింది. ఇక ఏం చేయను? స్టేజీ ఎక్కి ఉర్దూలోనే చెప్పాను. అదే కాటా, అదే మా ఆయన. మూడొందల మంది మర్యాదగా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. సగంలో నేను తడబడితే షబ్నమ్ మైకు తీసుకుని నా మాటలే, ఒక్కటీ మార్చకుండా చెప్పింది. హాలు దద్దరిల్లిపోయింది. నాక్కూడా నవ్వొచ్చింది. అందుకే ఏడుపొచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు నన్ను తన కారులోనే తెచ్చింది. "అక్కా, కొత్త సీరియల్‌కు ముచ్చట్లు కావాల. తెర మీద నీ పేరు కూడా ఏపిస్తా. ఇంగా ఏమన్నా ఉండాయా?" అని అడిగింది.

నా పేరు తెర మీద పడుతుందంటే మనసు ఆగలేదు. నాలుగు చెప్పాను. దారంతా పగలబడి నవ్వింది. అన్నిటికంటే మంచిది ఐదోది, నోటిదాకా వచ్చింది. అది నాకంటే తనే బాగా చెబుతుంది. ఆ సంగతి నాకు తెలుసు.

"అంతేనాక్కా?" అంది.

"అంతే," అన్నాను.