కొలవని ఎత్తు

పన్నెండేళ్లుగా ఒక అంకె నా గొంతుకు అడ్డుపడి ఉంది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను నాందేడ్ నుంచి రోజూ బస్సులో కుండల్‌వాడి వైపు ఒక బడికి పోయి వచ్చే టీచరును. మా వైపు పిల్లలు టీచరమ్మను బాయి అంటారు. ఆ ఏడు పిల్లల ఎత్తు, బరువు కొలిచి బీఎంఐ లెక్కగట్టమన్నారు. బరువుకైతే కాటా మీద నిలబెడితే చాలు. ఎత్తుకు ఒక్కొక్కరి చెప్పులు విప్పించి గోడకు ఆనించాలి. అవతల సాయంత్రం బస్సు తప్పిపోతుంది. ఏం చేశానో తెలుసా? బరువులు కొత్తవి రాసి, ఎత్తులు పోయినేటి రిజిస్టరులోంచి దించేశాను.

బీఎంఐ అంటే బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఎదిగే పిల్లకు పాత ఎత్తు రాస్తే అది పెరగక ఏమవుతుంది? అందరికంటే ఎక్కువగా గంగామణిది పెరిగింది. పదమూడేళ్ల పిల్ల, అవ్వ అని పిలుచుకునే తల్లి కూలికి పోయేది. వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి చూసే పట్టికలో ఆమె అంకె గీత దాటింది. ఆ పట్టిక అనుమానం చెబుతుందే తప్ప తీర్పు చెప్పదు. తీర్పు నేను చెప్పాను, క్లాసు ముందు, పేరు చదివి, "జాస్త వజన్" అని. ఎక్కువ బరువట. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను.

సాయంత్రం గంగామణి గేటు దగ్గర అడ్డంగా నిలబడింది.

"బాయీ, నేను గంత లావున్ననా? మా అవ్వ బక్కగున్నవంటది."

"రాసింది అబద్ధమైతదా? జర తక్కువ తిను."

బడిలో పెట్టే ఖిచిడీ ముట్టడం మానేసింది. నెల తిరక్కుండా ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది. భయమేసి అప్పుడు గోడకు ఆనించి కొలిచాను. నూట యాభై ఒకటి. నేను రాసింది నూట ముప్పై ఎనిమిది. పోయినేటి ఎత్తులు కూడా అంతకు ముందేటివే దించానని అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు బరువుతోనే మళ్లీ లెక్క చేశాను. ఆ వయసు ఆడపిల్లకు సరిగ్గా తగినట్టే ఉంది.

రిజిస్టరు దిద్దాను. ఆమెకు చెప్పలేదు. ఉద్యోగం పోతుందనా? కాదు. అదే క్లాసు ముందు నిలబడి, నేను కొలవనే లేదని అనాలి. సిగ్గేసింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆ పిల్ల బడి దాటిపోయింది.

పోయిన నెల నాందేడ్ బస్టాండులో ఎదురైంది. మణికట్టు ఎముకలు బయటికి కనబడుతున్నాయి. వంగి నా కాళ్లు మొక్కింది. వెంట నాలుగేళ్ల కూతురు. నేను బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే పాప చేయి చాపింది. గంగామణి ఆ చేయి వెనక్కి లాగింది.

"వద్దు బాయీ. నా లెక్కనే లావైతది."

నిజం నోటిదాకా వచ్చింది. బస్సొచ్చింది. ఎక్కిపోయింది.

అప్పటినుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. ఇది రాసినంత మాత్రాన ఆ పాప చేతిలోకి బిస్కెట్ రాదు, తెలుసు. అయినా రాస్తున్నాను. గంగామణి లావు కాదు. ఎన్నడూ కాదు. నేను కొలవలేదు.

ఈ ఒక్క మాట బయటికి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.