కొత్తకు ముందటి పచ్చికందులు

ఈ ఉదయం బొర్రా గుహలు చూసి వచ్చిన ఒక పెద్దాయన మా హోటల్లో పచ్చికందుల కూర రెండుసార్లు వేయించుకుని, ఆఖరి గింజదాకా తిని, అప్పుడు అడిగారు, ఇవి ఫ్రెష్షా, ఫ్రోజెనా అని. పోయిన చలికాలంలో కోసినవి, ఐసుపెట్టెలోంచి తీశాం అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. తిన్నదాంట్లో లోపం దొరక్క, నేను చెప్పినదాంట్లో వెతుక్కుంటున్నట్టు కాసేపు ఖాళీ విస్తరి వంక చూశారు. నాకు కోపం రాలేదు. మా చెల్లి ఐసుపెట్టె తెచ్చిన రోజు నేను పెట్టిన ముఖం సరిగ్గా అలాంటిదే.

మా ఊరు అరకు దాటి కొంత దూరం కొండెక్కితే వస్తుంది. చెల్లీ, ఆమె పొదుపు సంఘంలోని ఆడవాళ్లూ కలిసి ఆ పెట్టెను జీపు మీద తాళ్లతో కట్టి తెచ్చారు. మనిషిని పడుకోబెట్టేంత పెద్దది. నేను హోటలు నడిపేవాణ్ణి, కూరల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. చేలో తెంపిన కాయను అప్పటికప్పుడు ఒలిచి వండితేనే కూర, మిగిలిందంతా ఐసుగడ్డల పులుసు అని వచ్చినవాళ్లందరి ముందూ అన్నాను. చెల్లి తలెత్తకుండా, "నీ హోటలుకు కూరలు ఏ చేలోంచి వత్తన్నాయన్నా? ఎస్. కోట సంతలోంచి బస్సు మీద కదా" అంది. ఆడవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. నా నోటికి తొందరెక్కువ, చెవులకు బద్ధకమెక్కువ. ఈ వయసులోనూ అది పూర్తిగా పోలేదు.

తరవాత తరవాత చూసి నేర్చుకున్నాను. చేలో అప్పుడే తెంపిన పచ్చికందికి సాటి లేదు. ఒలుస్తుంటే వేళ్లకు అంటుకునే జిగురు, ఆ పచ్చి వాసన, పంటి కింద గింజ చిట్లే తీరు ఏ పెట్టెలోనూ నిలవవు. కానీ ఆ తీపికి ఆయుష్షు తక్కువ. గోనెసంచిలో కొండ దిగి, ఎండలో ఒక సంతా, బస్సు మీద ఇంకో సంతా తిరిగేసరికి గింజ పిండిపిండిగా మారిపోతుంది, పేరుకి మాత్రం తాజాదే. చెల్లి కోసిన పూటే ఒలిచి, మరిగే నీళ్లలో ఒక్క పొంగు రానిచ్చి, వెంటనే ఊటనీళ్లలో ముంచి, గుడ్డ మీద ఆరబెట్టి పెట్టెలో వేస్తుంది. తోలు కాస్త మెత్తబడుతుంది, నిజమే. తీపి మాత్రం కోసిన రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. కరెంటు పోతే పెట్టె మీద గొంగళ్లు కప్పి, మూత ఎవరూ ఎత్తకుండా దాని మీదే కూర్చునేది.

మా కొండల్లో ఏ పంటైనా కొత్త చేసుకోకుండా నోట పెట్టం. మామిడికొక కొత్త, చిక్కుడుకొక కొత్త, కందికొక కొత్త. తొలి పంట ఊరి తల్లికి పెట్టాకే మనిషి తినాలి, అంతదాకా ఎవరూ తమకోసం కాయ కోయకూడదు కూడా. కంది కొత్త పుష్యమాసంలో వస్తుంది. పొగమంచు చూడ్డానికి టూరిస్టులు అంతకు ముందునుంచే విరగబడతారు. చెల్లి పెట్టె నిండా కిందటేడు గింజలుండగా, పెట్టె వచ్చిన మరుసటేడు మార్గశిరంలో ఒక రిసార్టువాళ్లు పచ్చికందుల పలావు కావాలని అడిగారు. పెద్ద డేగిసాలో వండి జీపెక్కిస్తుంటే ఊరంతా చూసింది. చేలల్లో కంది ఇంకా నిలబడే ఉంది. అన్నంలో మాత్రం గింజలు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. సాయంత్రానికల్లా మాట పాకింది, కొత్త అవకుండా కోసీసింది, ఊరికి కీడు తెచ్చింది అని. సంఘంలో సగం మంది పెట్టె వెనక్కి పంపేద్దామన్నారు. ఊరు ఆమెను తప్పుపడితే పెట్టె ఒక్కటే కాదు, పండగ వరసలో ఆమె నిలబడే చోటు కూడా పోతుంది.

కొత్త చేయించే పెద్ద మా మేనమామే. మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చాడు. పెట్టె మూత తీయించి ఒక గింజను అరచేతిలో కరగనిచ్చాడు. చేలోకి వెళ్లి, కాయ తెంపకుండానే ఎండకేసి వంచి చూశాడు.

"ఈ ఏటి కాయింకా పాలే పోసుకోనేదు. ఈ గింజ సూత్తే ముదురు. ఇది పోయినేటిదే. కళ్లున్నోళ్లు సూసుకోండి" అన్నాడు.

అందరి ఊపిరీ కుదుటపడింది. నేనైతే అక్కడితో నోరు మూసుకుని ఇంటికి పోయేవాణ్ణి. చెల్లి వెళ్లలేదు. పెట్టెలోకి నడుందాకా వంగి, అడుగునుంచి ఎర్రదారం కట్టిన సంచి ఒకటి తీసి మామ ముందు పెట్టింది.

"ఇవి మట్టుకు పోయినేడు కొత్తకి ముందు కోసినవి మావా. పెట్టి పనిసేత్తదో నేదోనని ఆత్రంలో కోసీసినాను."

ముందురోజు కీడు అన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తిన్నావేటి?" అన్నాడు మామ.

"నేదు. ఒక్క గింజ నోటెట్టనేదు. ఎవులికీ ఎట్టనేదు. పారెయ్యడానికి సెయ్యి రానేదు."

మామ కర్రతో నేల మీద ఒక గీత గీశాడు. తరవాత, "తల్లి తిననేదు, నువ్వూ తిననేదు. అంటే దాని కొత్త ఇంకా అవ్వనేదన్న మాట. ఈ ఏడు కొత్తకి అట్టుకురా. బేగి మూతెయ్యి గుంటా, కరిగిపోతన్నాయి" అన్నాడు.

చెల్లి అప్పుడు ఏడ్చింది. పెట్టె వెనక్కి పంపాలన్న ఆవిడే వచ్చి మూత వేసింది. ఆ పూట నుంచి, ఈమె మా చెల్లి అని అడగనివాళ్లకి కూడా చెప్పుకు తిరుగుతున్నాను. ఆమెలో మంచికి నేను చేసిందేమీ లేదని తెలిసీ చెప్పుకుంటున్నాను.

పుష్యంలో కొత్త నాడు మామ తల్లి ముందు ఒకే అడ్డాకు పరిచాడు. ఒక పక్క మంచు ఆరని కొత్త కందికాయలు, ఇంకో పక్క ఎర్రదారం విప్పిన సంచిలోని గింజలు, మెల్లగా నీరొదులుతూ. గడిచిన ఏడు తిరిగి రాదనే నేనెప్పుడూ అనుకునేవాణ్ణి. ఆ ఉదయం మాత్రం అది కొత్త ఏడు పక్కనే ఆకు మీద కూర్చుని, మాతోపాటు తన వంతు కోసం ఎదురుచూసింది.