ఊరి పిల్లలందరికీ ప్లాట్లన్న నంబరు

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో భూమి తప్ప మరో ముచ్చట ఉండేది కాదు. తుక్కుగూడ దగ్గర రింగురోడ్డు పడుతోందని, మన్నెగూడ దాకా బంగ్లాలు వచ్చేశాయని, చాయ్ హోటల్లో కూర్చున్న ప్రతివాడి నోటా గజాల లెక్కలే. ఊరందరికీ భూమి పిచ్చి పట్టిన ఆ కాలంలోనే మా దవాఖానకు కంప్యూటర్ పిచ్చి పట్టింది. నాకు టైపు వచ్చు కాబట్టి కాంట్రాక్టు మీద ఆపరేటరుగా తీసుకున్నారు. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదట వచ్చింది నాకే. (ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయిందనుకోండి, అది వేరే సంగతి.) మా బాపు ఈ విషయం బస్సులో పక్క సీటు వాళ్లకు కూడా చెప్పేవాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఉద్యోగం ఊడబోయినప్పుడు నాకు వచ్చిన కోపం ఇన్నేళ్లయినా పూర్తిగా చల్లారలేదు.

సంగతేమిటంటే, పుట్టిన ప్రతి బిడ్డ వివరాలూ నేను కంప్యూటర్‌లో ఎక్కించాలి. టీకా గడువు దగ్గరపడగానే అది దానంతట అదే తల్లిదండ్రుల ఫోనుకు మెసేజ్ పంపుతుంది. వినడానికి ఎంత బాగుందో చూడండి! దీన్ని తయారుచేసిన మహానుభావులు చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లిని ఒక్కసారైనా చూశారో లేదో నాకు అనుమానమే. మెసేజ్ ఇంగ్లీషులో పోతుంది. పేరు పెట్టే పండుగ కాకముందే పేరు కావాలంటుంది. లేదంటే తల్లి పేరు మీద ‘బేబీ ఆఫ్ యాదమ్మ’ అని కొట్టాలి. ఇక ఫోన్ నంబరు గడి నింపకపోతే బండరాయిలా కూర్చుంటుంది, ముందుకు కదలదు. పైగా, మెసేజ్‌లు పోతున్నాయి కదా, ఇక ఇల్లిల్లూ తిరిగి చెప్పక్కర్లేదని మా నర్సు సిస్టర్‌కు పైనుంచి ఆర్డరు.

ఇంటికో ఫోను ఉన్నా అది మగవాడి జేబులో పొద్దున్నే సిటీకి పోయే కాలం అది. అందుకని ఆడవాళ్లంతా పీపీ నంబరు ఇచ్చేవారు. (ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాను, పీపీ నంబరంటే మనకు ఫోను లేనప్పుడు, మనల్ని పిలిచి మాట్లాడించే ఇరుగుపొరుగు వాళ్ల నంబరు.) మా పక్క ఊళ్లో ఆ పుణ్యాత్ముడు ప్లాట్లన్న. తాతల నాటి పొలంలో తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు అమ్మేవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గొలుసు, చెవికి ఎప్పుడూ ఫోను. నేను నంబరు అడగడం, యాదమ్మ "ప్లాట్లన్నది కొట్టు బిడ్డ, ఏదున్నా గాయిననే జెప్తడు" అనడం, వెనకాల ఉన్నవాళ్లంతా "మాది గూడ గదే" అనడం. నేను అదే నంబరు కొట్టీ కొట్టీ చివరికి కీబోర్డు వైపు చూడకుండానే కొట్టేదాన్ని.

కొన్ని నెలలకు జిల్లా నుంచి సారు వచ్చాడు. తట్టు టీకాకు ఆ ఊరి నుంచి ఒక్క బిడ్డా రాలేదని, ఊరందరికీ ఒకటే నంబరు ఉందని కనిపెట్టాడు. అందరి ముందూ నన్ను నిలబెట్టి, "కూర్చున్నచోటే పిల్లల్ని పుట్టించావా? అన్నీ దొంగ లెక్కలు!" అన్నాడు.

"పిల్లలు ఉన్నరు సార్, నేను సూసిన. ఆళ్ల తల్లులకు ఫోన్లే లేవు," అన్నాను.

"వచ్చే బుధవారం టీకాల రోజు ఆ పిల్లలు నాకు కనబడాలి. లేకపోతే ఆ తర్వాత నువ్వు కనబడకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ గడి ఒప్పుకోని యంత్రాన్ని ఎవరూ ఏమీ అనరు. తిరగొద్దని ఆర్డరు వేసినవాళ్లనూ అనరు. తల్లులు చెప్పింది చెప్పినట్టు కొట్టిన నేను దొంగనయ్యాను! ఇంటికెళ్లి బాపుకు ఏం చెప్పను? బస్సులో అంతమందికి చెప్పుకున్నాడే!

మర్నాడు పొద్దున్నే ప్లాట్లన్న తుఫానులా వచ్చి నా బల్ల మీద ఫోను పెట్టాడు. "ఎవరు జేసిన్రు గీ పని? సదువు! డియర్ పేరెంట్, బేబీ ఆఫ్ యాదమ్మ. గిది సదువు! డియర్ పేరెంట్, బేబీ ఆఫ్ సుజాత. గీళ్లందరికి నేను పేరెంట్‌నా?"

ఇన్నాళ్లూ అవి బ్యాంకువాళ్ల మెసేజ్‌లనుకుని పట్టించుకోలేదట. మరీ ఎక్కువయ్యేసరికి ఇంటర్ చదివిన భార్యకిచ్చి చదవమన్నాడట. ఆమె అన్నీ శ్రద్ధగా చదివి, బట్టలు సర్దుకుని హయత్‌నగర్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది.

"యాదమ్మ ఎవరని అడుగుతది! యాదమ్మ నాకు చిన్నమ్మ వరుస!"

నా ఉద్యోగం పోతున్న దుఃఖంలో కూడా నాకు నవ్వు ఆగలేదు. "నవ్వకు చెల్లె. పెండ్లయినంక నీకు గూడ తెలుస్తది," అన్నాడు.

"నా నౌకరే పోతున్నది అన్నా, నీ బాధ నీది," అని జరిగిందంతా చెప్పేశాను. విని కాసేపు గొలుసు తిప్పుకున్నాడు. "గీ మెసేజ్‌లు ఎప్పుడు బంద్ అయితయి?"

"పిల్లలకు సూదులు పడాలె. పడ్డయని నేను కంప్యూటర్ల కొట్టాలె."

"బుధవారం గదా? ఫికర్ జెయ్యకు."

బుధవారం నాడు ప్లాట్లు చూపించడానికి జనాన్ని తిప్పే ఆయన వ్యాను దవాఖాన ముందు ఆగింది. ముందు మైకు కట్టిన ఆటో. "త్వరపడండి, కొద్ది ప్లాట్లే మిగిలాయి" అన్న క్యాసెట్టు మధ్యలో ఆపి, ఊరంతా "తల్లులందరు పిల్లల్ని తీస్కొని బండెక్కుర్రి! సూదులేయించి నా కాపురం నిలవెట్టుర్రి!" అని అరుస్తూ వచ్చాడట. ఆడవాళ్లు నవ్వుతూ దిగుతున్నారు, పిల్లలు ఏడుస్తూ దిగుతున్నారు. అందరికంటే వెనక హయత్‌నగర్ నుంచి తీసుకొచ్చిన ఆయన భార్య దిగింది. సిస్టర్ పక్కన నిలబడి, సూది వేసిన ప్రతి బిడ్డ మొహాన్నీ గడ్డం పట్టుకుని మరీ చూసింది. ప్లాట్లన్న మాత్రం ఒక్కో బిడ్డ ఏడవగానే నా వైపు తిరిగి "కొట్టినవా చెల్లె?" అనేవాడు. అందరిదీ అయ్యాక ఆమె కొంగు దోపుకుని, "ఒక్కలకు గూడ ఈయన ముక్కు రాలే," అని తీర్పు చెప్పి వ్యాను ముందు సీట్లో కూర్చుంది.

మధ్యాహ్నం సారు వచ్చాడు. కిక్కిరిసిన వరండా చూసి, నాకు క్షమాపణ చెబుతాడేమోనని ఎదురుచూశాను. "చూశారా టెక్నాలజీ అంటే! ఒక్క మెసేజ్‌తో ఊరు ఊరంతా కదిలొచ్చింది," అన్నాడు! తర్వాత జిల్లా మీటింగులో ఆయనకు శాలువా కూడా కప్పారు. న్యాయంగా ఆ శాలువా వ్యానుకు కప్పాలి. నాకు దక్కిందల్లా నా చెయ్యి విరిగిన కుర్చీయే. బాపుకు అదే చాలు, మళ్లీ బస్సులో చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

చాలా ఏళ్ల తర్వాత నా బిడ్డకు టీకా వేయించడానికి అదే దవాఖానకు వెళ్లాను. కంప్యూటర్ ముందు అప్పటి నాలాగే మూతి ముడుచుకుని ఒక అమ్మాయి కూర్చుంది. కుర్చీకి మాత్రం రెండు చేతులూ ఉన్నాయి. "నంబర్ చెప్పక్కా" అంది. నా నోరు నన్ను అడక్కుండానే పది అంకెలూ గడగడా అప్పజెప్పేసింది. అవి నా నంబరువి కావు.

పక్కనే ఉన్న మా ఆయన బిడ్డను ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "ఎవరిదే గా నంబర్?" అన్నాడు.

"ప్లాట్లన్నది," అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఎంత పనికిమాలిన జవాబో. నవ్వాపుకోలేకపోయాను, దాంతో అనుమానం ఇంకా పెరిగింది. బండి మీద ఇంటికి పోయేదాకా ఆయన ఎవరూ అడ్డం లేకపోయినా హారను కొడుతూనే ఉన్నాడు. వెనక సీట్లో బిడ్డను పట్టుకుని జరిగిందంతా మొదటి నుంచి చెబుతూ, ఆ రోజు ప్లాట్లన్న భార్య హయత్‌నగర్ వెళ్లిపోయిన సంగతి విని అంత నవ్వకుండా ఉండాల్సిందని మొదటిసారి అనిపించింది.