ఓర్వలేక ఎక్కిన చెట్టు

మోకాళ్లు మొరాయించిన ఏడు, సిద్ధయ్య చిన్నకోడూరు తాటివనంలోని తన వంతు చెట్లను కొడుక్కి కాక అల్లుడికి అప్పగించాడు. చెట్ల కింద కల్లు పోసే మండువలో తాగుతున్న పదిమంది ముందే చెప్పాడు.

"మా రత్నాకర్‌ది తొందర చెయ్యి. గీత లోతుకు దిగుతది. వాడు గీసిన రెండు తాళ్లు మొవ్వుకాడ ఎండిపోయినయ్. పర్శరాములు ముట్టుకుంటే చెట్టుకు నొప్పే తెల్వది."

తాళ్లు ఎండిన మాట నిజమే. అక్క మొగుడు పర్శరాములు నడుముకు మోకు బిగించుకుని ఉడతలా పైకి పోతుంటే రత్నాకర్‌కు కింద నిలబడి చూడాల్సి వచ్చింది. చూసినంతసేపూ కళ్లల్లో కారం పోసినట్టుండేది.

ఆ నెలలోనే సిద్దిపేటకు వచ్చి, చెట్లు కొట్టించే ఒక గుత్తేదారు దగ్గర చేరాడు. చేతికి మిషిన్ రంపం వచ్చింది. ఇళ్ల మీదికి వాలిన వేపలు, కరెంటు తీగలకు అడ్డమొచ్చిన కానుగలు, ఏది కొట్టమంటే అది కొట్టాడు. కొమ్మ విరిగిపడిన ప్రతిసారీ బావే కిందపడ్డట్టు హాయిగా ఉండేది. ఊరికి మాత్రం పోయేవాడు కాదు. పోతే అక్క నోట మొగుడి గొప్పలు వినాలి.

రోడ్డు వెడల్పు పని మొదలైనప్పుడు నవనీత వచ్చింది. ఆమె హైదరాబాద్‌లో చెట్ల సంరక్షణ నేర్చుకున్న మనిషి. దారికి అడ్డమొచ్చే చెట్లలో బతికేవాటిని వేరేచోట నాటించడం ఆమె పని. తాడు మీద వేలాడుతూ కొమ్మలు కోయగలిగినవాళ్లు కావాలని గుత్తేదారును అడిగింది.

"చిన్నకోడూరుల పర్శరాములని ఒకాయన ఉన్నడు మేడం. ఎక్కుడంటే ఆయనదే," అన్నాడు గుత్తేదారు.

రత్నాకర్ రంపం కింద పెట్టేశాడు. "ఆయనెందుకు? నేను సిద్ధయ్యగౌడ్ కొడుకునే గదా. మోకు కట్టుడు నాకు రాదా?"

బావకు ఆ పని దక్కకూడదని చెట్టెక్కాడు. అంతకుమించి ఏ ఉద్దేశమూ లేదు.

మొదటిరోజే నవనీత అతన్ని ఆపింది. "మానుకు ఆనిచ్చి కొయ్యకు అన్నా. కొమ్మ మొదట్ల గీ ఉబ్బు చూసినవా? దాన్ని వదిలిపెట్టి కొయ్యి. గాయాన్ని మూసేది గదే."

చెక్కకు గాయం మానడమేమిటని అతను లోపల నవ్వుకున్నాడు. మరుసటేడు ఒక రావిచెట్టు మీదికి మళ్లీ ఎక్కినప్పుడు, ఆమె చెప్పినట్టు కోసిన చోటు కంటబడింది. చుట్టూరా కొత్త బెరడు పెదవిలా ముందుకొచ్చి కోతను మూసేస్తోంది. ఆ పక్కనే, ఏమీ నేర్వక ముందు తానే కోసిన కొమ్మ మొదలు నల్లగా కుళ్లి ఉంది. అక్కడే కూర్చుండిపోయాడు. తొందర చెయ్యని తండ్రి అన్ననాడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది.

ఆ తర్వాత అతనికి ఇంకో రకం కుళ్లు పుట్టింది. తాను చూసుకునే చెట్టు మీద వేరేవాడు కత్తి పెడితే ఓర్చుకోలేడు. మేకులు కొట్టి బోర్డులు తగిలించేవాళ్లతో నడిరోడ్డు మీద పోట్లాడేవాడు.

"పెండ్లాం మీద గూడ గింత పానం లేదు నీకు," అనేది భార్య సౌమ్య.

బజారులో ఒక ఇనుప దుకాణం వెనక చింతచెట్టు సగం ఎండింది. దాని మొదలు చుట్టూ సిమెంటు పోసి ఉంది. దుకాణం ఆసామి ప్రమీలమ్మ దాన్ని కొట్టించేద్దామనుకుంది. రత్నాకర్ ఆమెను బతిమాలి సిమెంటు పగలగొట్టించాడు. గట్టిపడిన మట్టిని వేళ్లు తెగకుండా గుల్ల చేశాడు. ఎండుకొమ్మలు తీసి, మొదట్లో ఆకుచెత్త పరిచి, రెండేళ్లు కనిపెట్టుకుని ఉన్నాడు. మూడో వేసవిలో చింత చెట్టంతా చిగిర్చింది.

దవాఖానకు వచ్చిన సిద్ధయ్యను తీసుకెళ్లి చూపించాడు. ముసలాయన మానును నిమిరాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. ఒక్క మెచ్చుకోలు కోసం రత్నాకర్ ఆయన మొహమే చూశాడు.

"మీ బావ చూడాలె గిది. పంపిస్త," అన్నాడు సిద్ధయ్య.

ఆ పూట రత్నాకర్ అన్నం ముట్టలేదు.

పర్శరాములు నిజంగానే వచ్చాడు. చింతచెట్టు చుట్టూ తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"తాటికి ఒకటే తొవ్వ, పైకి. గీడ గిన్ని కొమ్మలాయె. ఎటు పోవాల్నో నీకెట్ల తెలుస్తది బామ్మర్దీ?"

రత్నాకర్ ఎండుపుల్ల ఒకటి విరిచి పారేశాడు.

"మామ మండువల రోజూ నీ ముచ్చటనే. 'నా కొడుకు సచ్చిన చింతను లేపిండు' అంటడు. నేను చెట్టు మీదికెళ్లి కల్లు లొట్టి దించుతుంటే గూడ గదే పాట. ఒక్కనాడన్న నా పేరు తీస్తడా అని చూస్త. విని విని ఒళ్లు మండుతది నాకు."

రత్నాకర్ అతని మొహంలోకి చూశాడు. ఆ మంట ఎలాంటిదో తనకు తెలుసు. జాలి కలగాల్సింది. కలగలేదు.

"ఇంకేమంటడు?"

"ఇంకేమనాలె? చెప్పిన గద."

"గదే, మళ్ల చెప్పు."

పర్శరాములు మొహం మాడ్చుకుని మళ్లీ చెప్పాడు. రత్నాకర్ ఈసారి దాచుకోలేక నవ్వేశాడు. కాసేపటికి పర్శరాములూ నవ్వాడు.

ఇప్పుడు కల్లు లేని రోజుల్లో పర్శరాములు సిద్దిపేట వచ్చి బామ్మర్దితో పనిచేస్తున్నాడు. పని చేయించుకున్నవాళ్లు పొరపాటున పర్శరాములు వైపు తిరిగి మెచ్చుకుంటే రత్నాకర్ మొహం ఇంకా ముడుచుకుంటుంది. పైకెక్కే ముందు మాత్రం ఒకరి నడుము తాడు ముడి ఒకరు లాగి చూస్తారు.