కొర్రల రిసోట్టోలో రొయ్యల నీళ్ళు

మాది మండవల్లి దగ్గర పల్లె. పోయిన కార్తీకమాసంలో మా అమ్మాయి నాకు రిసోట్టో వండడం నేర్పింది. బియ్యమో కొర్రలో వెన్నలో వేయించి, వేడి నీళ్ళు గరిటెడేసి పోస్తూ మీగడలా చిక్కబడేదాకా కలపాలి. రుచంతా ఆ నీళ్ళదే. అందుకని రొయ్యల తలలు ఉడికించిన నీళ్ళు ఒక సీసాలో, కూరగాయలవి మరో సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను.

పక్కింటి బాబాయిగారికి ఆ మంగళవారం ఏలూరులో గుండె ఆపరేషన్. అది గట్టెక్కాలని పిన్నిగారు సోమవారం ఉపవాసం ఉన్నారు. చుక్కను చూశాక తింటారని మిరియాలేసి కొర్రల రిసోట్టో వండి పట్టుకెళ్ళాను.

"ఎంత కమ్మగా ఉందే! ఇంకాస్త వెయ్యి" అన్నారు.

సంబరంగా ఇంటికొచ్చి ఫ్రిజ్ తీస్తే కూరగాయల నీళ్ళ సీసా నిండుగానే ఉంది. తగ్గింది రొయ్యలది! పరుగున వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను.

"క్షమించండి పిన్నిగారూ, చూసుకోలేదండీ."

ఆవిడ గిన్నె కింద పెట్టేశారు.

"రేపు ఆపరేషన్ అయ్యాక చెబితే ఏం పోయిందే తల్లీ? ఈ రాత్రి నేనెలా పడుకోను?"

బాబాయిగారు క్షేమంగా తిరిగొచ్చారు. పిన్నిగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నా బరువు దించుకుందామన్న తొందరలో, అది ఆవిడ మీద పెట్టి వచ్చానండీ. ఆ రాత్రి ఎలా గడిచిందని అడగడానికి నాకింకా నోరు రావడం లేదు.